తేమ తీసేసి చూడాలె

మా సింగరేణి బొగ్గు గనుల ఊరు శ్రీరాంపూర్‌లో మనుషులు కేలరీలు లెక్కపెట్టుకోవడం ఈమధ్య వచ్చిన ముచ్చట. బొగ్గుకు మాత్రం ఆ లెక్క ఎప్పటి నుంచో ఉంది. నేను చేసే ఉద్యోగమే అది. గనుల నుంచి, ఓపెన్‌కాస్టు నుంచి వచ్చిన శాంపిల్‌ను నలగ్గొట్టి, కుప్ప పోసి నాలుగు భాగాలు చేస్తాం. ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ భాగాలు చేస్తాం. చివరికి మెత్తటి పొడిలోంచి ఒక్క గ్రాము తూచుకొని, ఆక్సిజన్ నింపిన ఉక్కు గిన్నెలో పెట్టి మూత బిగించి కాలుస్తాం. గిన్నె చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వెచ్చబడ్డాయో చూస్తే బొగ్గులో ఎంత వేడి ఉందో తెలుస్తుంది. ఈ పరికరం పేరు బాంబ్ క్యాలరీమీటర్. పేరు విని మా చుట్టాలు భయపడతారు గానీ, అది పేలేదీ లేదు, పాడేదీ లేదు. 2012 నుంచి దేశంలో బొగ్గు ధర ఈ వేడి లెక్క మీదే నడుస్తోంది. కిలోకు 4,301 నుంచి 4,600 కిలో కేలరీల మధ్య ఉంటే జీ-10 గ్రేడు, ఏడు వేలు దాటితే జీ-1.

మా తమ్ముడు గనిలో ఎస్డీఎల్ నడుపుతాడు. పేల్చిన బొగ్గును ఎత్తిపోసే యంత్రం అది. వైద్య పరీక్షలో షుగర్ అంచు మీద ఉందనీ బరువు తగ్గాలనీ చెప్పేసరికి, ఫోన్లో యాప్ ఎక్కించుకొని తిన్న ప్రతి ముద్దా రాయడం మొదలుపెట్టాడు. 88 కిలోల మనిషి కొన్ని నెలల్లో 80కి దిగాడు. అక్కడ ఆగింది. ఆగడమంటే కదలకుండా కూర్చోవడం కాదు, ఎగురుడు దుంకుడు.

"అక్కా, మొన్న పొద్దుగాల 79.8 ఉన్న. నిన్న మాపటికి 81.6. తిన్నదేమో పద్దెనిమిది వందల కేలరీలు. గీ రెండు కిలోలు యాడికెళ్లి వచ్చినయే? కాంటా ఖరాబైందా?"

"కాంటా మంచిగనే ఉన్నది తమ్మీ. నీ శాంపిల్ల తేమ ఉన్నది" అన్నాను.

నవ్వాడు గానీ, నేను ఊరికే అనలేదు. వానాకాలంలో ఓపెన్‌కాస్టు నుంచి వచ్చే బొగ్గు తడిసి ఉంటుంది. లారీ కాంటా మీద బరువు ఎక్కువ చూపిస్తుంది. ఆ పెరిగిన బరువులో ఒక్క కేలరీ కూడా ఉండదు, అది వాన నీళ్లు. అందుకే ల్యాబులో శాంపిల్‌ను నూట ఎనిమిది డిగ్రీల ఓవెన్లో పెట్టి, ఎంత బరువు తగ్గిందో చూసి తేమ ఎంతో రాసుకుంటాం. గ్రేడు కట్టేటప్పుడు అందరి బొగ్గునూ ఒకే తేమకు తెచ్చి లెక్కగడతారు. నలభై డిగ్రీల వేడి, గాలిలో అరవై శాతం తేమ ఉన్నచోట బొగ్గు ఎంత తేమ పట్టి ఉంటుందో, ఆ తేమకు. లేకపోతే వాన పడ్డ రోజు ఒక గ్రేడు, ఎండ కాసిన రోజు ఒక గ్రేడు వస్తుంది. మనిషి ఒంట్లో సగానికి పైన నీళ్లే. ఆ మనిషిని ఓవెన్లో పెట్టలేం కదా. కాంటా మాత్రం కొవ్వునూ నీళ్లనూ కడుపులో ఉన్న అన్నాన్నీ కలిపి ఒక్క అంకె చూపించి ఊరుకుంటుంది.

ముందు కొవ్వు సంగతి. ఒంట్లోని కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కిలో కేలరీలు లోటు పడాలి. ఆహారం మీద మనం ఉత్తగా కేలరీ అని రాసేది నిజానికి ఈ కిలో కేలరీయే, బొగ్గుకు వాడేదీ అదే. అంటే మన నడుం చుట్టూ ఉన్నది జీ-1 సరుకే. కరిగిన కొవ్వు ఎటు పోతుందన్నదానికీ లెక్క ఉంది. ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పది కిలోల కొవ్వు ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీళ్లవుతాయి. చెమటతో కొవ్వు కారుతుందనుకొని ఎండాకాలంలో స్వెటర్ వేసుకొని నడిచేవాళ్లు మా క్వార్టర్ల దగ్గర ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఈ మాట చెబితే నమ్మరు.

ఇప్పుడు రోజు లెక్క. మా తమ్ముడు ఖర్చయ్యేదానికన్నా అయిదు వందల కేలరీలు తక్కువ తింటున్నాడనుకుందాం. 500ను 7,700తో భాగిస్తే రోజుకు కరిగే కొవ్వు 65 గ్రాములు. ఇంట్లో కాంటా చూపించేదే వంద గ్రాముల చొప్పున. ఒంట్లో నీళ్లు, కడుపులో తిండి కలిసి రోజుకు కిలో, రెండు కిలోల దాకా అటూఇటూ అవుతాయి. రెండు కిలోల ఊగులాటలో 65 గ్రాముల మార్పు ఏ కంటికి కనపడుతుంది? పొద్దున కాంటా ఎక్కి నిన్నటితో పోల్చుకొని సంబరపడటం, ఏడవడం రెండూ దండగే.

ఈ ఊగులాటను మొదట పట్టుకున్న మనిషి ఇటలీలోని పాదువాలో వైద్యం చెప్పిన శాంటోరియో. కుర్చీని కాంటాకు వేలాడదీసి, అందులో కూర్చొని తిని, తాగి, పడుకొని, తిన్నదీ విసర్జించిందీ తూచుకుంటూ దాదాపు ముప్పై ఏళ్లు గడిపాడు. 1614లో పుస్తకం వేశాడు. రోజుకు ఎనిమిది పౌన్ల తిండీ నీళ్లూ లోపలికి పోతే, అందులో అయిదు పౌన్ల దాకా మలమూత్రాల్లో కాకుండా కంటికి కనపడకుండా పోతోందని ఆయన లెక్క. ఊపిరిలో, చర్మం మీంచి ఆవిరై పోయేదన్నమాట. పాదువాలో కుర్చీలో కూర్చున్న మనిషికే అంత పోతే, భూమి అడుగున ఉక్కపోతలో ఎనిమిది గంటలు పనిచేసే మనిషి సంగతి చెప్పేదేముంది? మా తమ్ముడిని షిఫ్టుకు పోయే ముందొకసారి, వచ్చి స్నానం చేశాక ఒకసారి తూగమన్నాను. కిలోన్నర తగ్గాడు. రెండు చెంబుల నీళ్లు తాగి, తిని పడుకొని లేచేసరికి పోయింది పోయినట్టే తిరిగొచ్చింది. పైగా ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండోది, ఒక వారం రాత్రి షిఫ్టు. వాడి 'పొద్దుగాల' వారానికో తీరు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి తూగిన అంకెనూ, నిద్ర లేచి తూగిన అంకెనూ పక్కపక్కన రాసుకుంటే అవి రెండు వేరే శాంపిళ్లు.

తర్వాత ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే లీటరు సెలైన్ సీసాలో ఉండే ఉప్పు 9 గ్రాములు. మన రక్తంలోని ఉప్పదనానికి సరిపోయేలా కలిపిన లెక్క అది. అంటే మామూలుగా తినేదానికన్నా ఇంకో తొమ్మిది గ్రాముల ఉప్పు ఒంట్లోకి పోతే, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేదాకా శరీరం సుమారు లీటరు నీళ్లను పట్టి ఉంచుకుంటుంది. లీటరు నీళ్లంటే కిలో. ఆదివారం మటన్ కూర, మామిడికాయ తొక్కు, పొద్దుమూకితే మిర్చి బజ్జీలు. సోమవారం పొద్దున కాంటా మీద కనపడేది ఆ ఉప్పు పట్టిన నీళ్లే. ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. రోజుకు అయిదు గ్రాములకు మించొద్దని పెద్దలు చెప్పే ఉప్పు మన తొక్కులకు ఏ మూలకూ చాలదు, అది వేరే ముచ్చట.

అన్నం మానేసినవాళ్లు మొదటి వారంలో మూడు కిలోలు తగ్గామని చెప్పేదీ ఎక్కువపాలు నీళ్లే. తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజన్ అనే రూపంలో కండరాల్లో, కాలేయంలో నిలవ ఉంటుంది. పెద్దమనిషిలో అది సుమారు అర కిలో. ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీళ్లను పెట్టుకొని ఉంటుంది. అన్నం, రొట్టె మాని కోడికూర, గుడ్లతో వారం గడిపితే ఆ నిలవ చాలావరకు ఖాళీ అవుతుంది. అర కిలో గ్లైకోజన్, కిలోన్నర నీళ్లు కలిసి రెండు కిలోల దాకా పోతాయి. చుట్టాలింట్లో పెళ్లికి పోయి బగారన్నం తినగానే తిరిగొస్తాయి. వచ్చినప్పుడు "కొవ్వు మళ్ల పట్టింది" అని దిగులుపడతారు. పోయిందీ కొవ్వు కాదు, వచ్చిందీ కొవ్వు కాదు.

ఆడవాళ్లకు ఇంకొకటుంది. నెలసరికి ముందు నాలుగైదు రోజులు ఒళ్లు నీరు పడుతుంది. నాకైతే కిలో పైనే పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. మా మరదలు, అంటే తమ్ముని భార్య, వాడితోపాటే బరువు చూసుకోవడం మొదలుపెట్టి, సరిగ్గా ఆ రోజుల్లో "నాకు ఏ తిండీ పడతలేదు వదినా" అని అన్నం మానేసేది. ఈ వారాన్ని పోయిన వారంతో కాదు, పోయిన నెలలో ఇదే వారంతో పోల్చుకోమన్నాను. అలా చూసుకుంటే నెలకు కిలో చొప్పున తగ్గుతూనే ఉంది.

కొత్తగా నడకో కసరత్తో మొదలుపెట్టినప్పుడు నొప్పులు పట్టిన కండరాలూ నీళ్లు పట్టుకుంటాయి. మలబద్ధకం ఉంటే అదీ బరువే. వీటికి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

దసరా సంగతి మాత్రం చెప్పాలి. సింగరేణి ఊళ్లలో దసరా అంటే లాభాల వాటా చేతికొచ్చే పండుగ. అంతకుముందు తొమ్మిది రోజులు బతుకమ్మ, రోజుకో సత్తు, మలీద ముద్దలు, పులిహోర. పండుగ నాడు మటన్. ఆ మర్నాడు కాంటా ఎక్కినవాళ్లు రెండు కిలోలు పెరిగామని నెత్తి పట్టుకుంటారు. రెండు కిలోల కొవ్వు పట్టాలంటే ఖర్చయ్యేదాని మీద ఇంకో 15,400 కేలరీలు తినాలి. అంత తినడానికి ఒక్క దసరా చాలదు, ఎంత మంచి మటనైనా. పట్టింది పావు కిలోనో అర కిలోనో అయి ఉంటుంది, తక్కిందంతా ఉప్పు, నీళ్లు, ఇంకా అరగని తిండి. ఇందులో ప్రమాదం పండుగ తిండి కాదు. ఆ అంకెను చూసి "ఇగ నాతోని కాదు" అని లెక్క వదిలేయడమో, కడుపు మాడ్చుకోవడమో, ఆ రెండే.

ఓవెన్ లేదు కాబట్టి మనిషి తేమను తీసే ఉపాయం సగటు ఒక్కటే. మా తమ్ముడికి పాత లాగ్‌బుక్ ఒకటి ఇచ్చాను. నిద్ర లేచి, దొడ్డికి పోయొచ్చి, చాయ్ తాగకముందు తూగాలి. షిఫ్టు ఏదైనా నిద్ర లేవడమే గుర్తు, గడియారం కాదు. కాంటాను షాబాదు బండల సందు మీద పెడితే ఒకరోజు ఒక తీరు చూపిస్తుంది, చదునైన టైల్ మీద పెట్టి ఇక కదపొద్దు. నమ్మకం కుదరకపోతే సీలు విప్పని పది కిలోల బియ్యం సంచి పట్టుకొని ఒకసారి, వదిలేసి ఒకసారి ఎక్కితే తేడా పది రావాలి. వాడు రాసిన ఒక వారం ఇదీ: 80.4, 81.6, 80.9, 80.2, 81.1, 80.0, 79.8. తర్వాతి వారం: 80.9, 80.3, 79.7, 80.6, 79.9, 79.5, 80.1.

మొదటి వారం చివరి అంకె 79.8. రెండో వారం చివరిది 80.1. ఈ రెండే చూస్తే వారమంతా నోరు కట్టుకున్న మనిషి మూడు వందల గ్రాములు పెరిగాడు. ఏడు రోజులు కూడి ఏడుతో భాగించి చూడండి. మొదటి వారం సగటు 80.57, రెండో వారం 80.14. తగ్గింది 430 గ్రాములు. రోజుకు 65 చొప్పున వారానికి రావలసింది 455. లెక్క ఎంత దగ్గరగా కూర్చుందో చూపిస్తే తమ్ముడు చాలాసేపు ఆ కాగితం పట్టుకొనే ఉన్నాడు. ప్రతి వారం ఇంత ముద్దుగా రాదని అప్పుడే చెప్పాను. అందుకే మూడు నాలుగు వారాల సగటులు చూడకుండా బరువు ఆగిందన్న మాట అనొద్దు.

అయినా నిజంగా ఆగే రోజు వస్తుంది. వాడికీ వచ్చింది. వరుసగా నెల రోజులు సగటు 79 దాటి కిందికి రాలేదు, నడుం కొలతా మారలేదు. యాప్‌లో మాత్రం రోజూ పద్దెనిమిది వందలే.

"ఇంక తగ్గిస్త అక్కా. పన్నెండు వందలు తింట" అన్నాడు.

"తినవు. తింటున్న అని రాస్తవు" అన్నాను.

ఎకసెక్కానికి అన్న మాట కాదు. ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదన్న పదిమందిని న్యూయార్క్‌లో పరీక్షించి 1992లో ఫలితాలు అచ్చేశారు. రోజుకు వెయ్యి కేలరీల చొప్పున రాసుకున్నవాళ్లు నిజానికి తింటున్నది రెండు వేల దాకా. అబద్ధం ఆడారని కాదు, మనిషి కంటికి తన కంచం ఎప్పుడూ చిన్నగానే కనపడుతుంది. వాళ్ల ఒంట్లో కేలరీలు ఖర్చయ్యే తీరులో లోపమేమీ దొరకలేదు.

అందుకని తమ్ముని ఇంటికి పోయి వంటింట్లో కూర్చున్నాను. ముందు నూనె. వాడు యాప్‌లో రోజుకు రెండు చెంచాలని రాస్తున్నాడు, అంటే పది గ్రాములు. మొదట్లో నిజంగానే చెంచాతో కొలిచి పోయించేవాడు. పండుగ తర్వాత ఆ చెంచా ఏ డబ్బాలో పడిందో, మరదలు మళ్లీ గంటెతోనే వంచుతోంది. గంటెడు నూనె ఎంతని ఆమెను అడిగి లాభం లేదు, డబ్బాను అడగాలి. అయిదు లీటర్ల డబ్బా నెలకు ఖాళీ. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు, అయిదు లీటర్లకు 4,550. ఇంట్లో అవ్వతో కలిపి అయిదుగురు. ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు 30 గ్రాములు. గ్రాముకు తొమ్మిది కేలరీలు. రాసింది పది గ్రాములు, పోయింది ముప్పై, మధ్యలో 180 కేలరీలు. పిల్లలు తక్కువ తింటారనుకుంటే పెద్దోళ్ల వంతు ఇంకా పెరుగుతుంది. తర్వాత చాయ్. గని మీద క్యాంటీన్‌లో, దోస్తులతో బయట, ఇంట్లో. మూడు చాయ్‌ల్లో పది గ్రాముల చొప్పున చక్కెర 120 కేలరీలు. చాయ్ తిండి కాదని రాయలేదట. రెండూ కలిపితే మూడు వందలు.

అన్నం దగ్గర ఇంకో చిక్కు. యాప్‌లో బియ్యం వేరు, అన్నం వేరు. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీల దాకా ఉంటాయి. వండితే అవే మూడింతలకు దగ్గరగా తూగుతాయి, కాబట్టి వంద గ్రాముల అన్నంలో సుమారు 130. కంచంలో నాలుగు వందల గ్రాముల అన్నం పెట్టుకొని బియ్యం లెక్కన రాస్తే పద్నాలుగు వందలు, అన్నం లెక్కన రాస్తే అయిదు వందల ఇరవై. ఎసరు ఎక్కువ పోసిన రోజు అన్నం మరింత తేమగా ఉంటుంది. నేను చెప్పేది బియ్యాన్నే తూచమని. ఇంటికి పోసిన బియ్యం ఎంత, వండిన గిన్నెలో అన్నం ఎంత, అందులో నీ కంచంలోకి వచ్చింది ఎంత. మూడు తూకాలు, ఒక త్రైరాశికం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో మన దేశపు 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. ఆ సంస్థ న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్ కూడా తెచ్చింది. బయటి యాపుల్లో ఎవరో ఎక్కించిన అంకెల కన్నా అవి నయం. వాటిలోనూ మా అవ్వ చేసే సర్వపిండి దొరకదు, విడగొట్టి రాసుకోవాల్సిందే. గుప్పెట్లు కాకుండా గ్రాములు చూస్తే బియ్యప్పిండి వంద, పల్లీలు ఇరవై, నువ్వులు పది, నూనె పది. ఒక్క సర్వపిండి ఆరు వందల కేలరీలు తేలింది. అవ్వ ఆ అంకె విని, "గట్లయితే నీ బాపు దినాం మూడు వేలు తిన్నడు, ఆయనకెందుకు పొట్ట రాలె?" అంది.

మంచి ప్రశ్న. మా బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పని. బొగ్గును పారతో తట్టకెత్తి, తట్టను మోసుకుపోయి టబ్బులో పోయడం. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషికి బరువు పని చేస్తే రోజుకు 3,470 కేలరీలు కావాలి. మధ్యరకం పనికి 2,710. కూర్చుని చేసే పనికి 2,110. బాపు తిన్నదంతా తట్టతో మోశాడు. తమ్ముడు అదే గనిలో అదే బొగ్గు ఎత్తుతాడు గానీ మోసేది యంత్రం, వాడు మీటలు ఆడిస్తాడు. కష్టం లేదని కాదు. ఉక్క, దుమ్ము, పైకప్పు భయం అన్నీ ఉన్నాయి. భయానికి కేలరీలు ఖర్చు కావు మరి. పని మారింది, కంచం మాత్రం బాపు నుంచి వారసత్వంగా వచ్చింది.

ఇప్పుడు తమ్ముని లెక్క కూడదాం. మొదట అయిదు వందల లోటుతో మొదలయ్యాడు. అందులో మూడు వందలు నూనెకూ చక్కెరకూ పోయాయి. మిగిలిన రెండు వందలు ఏమయ్యాయి? అవి వాడి ఒళ్లే తీసుకుంది. బరువు తగ్గిన మనిషికి ఖర్చు తగ్గుతుంది. మోయాల్సిన శరీరం చిన్నదవుతుంది, పైగా తెలియకుండానే కదలికలు కొంచెం తగ్గిపోతాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ఇచ్చిన సుమారు సూత్రం ప్రకారం కిలో బరువుకు రోజుకు 24 కేలరీలు. తమ్ముడు తగ్గింది ఎనిమిది, తొమ్మిది కిలోలు. అంటే రెండు వందలు. మూడు వందలు, రెండు వందలు, అయిదు వందలు. లోటు సున్నా. కాంటా ఆగకేం చేస్తుంది?

ఆ సూత్రంలో ఇంకో మాట కూడా ఉంది, చాలామందికి చేదుగా ఉంటుంది. రోజుకు అయిదు వందలు తగ్గించి తింటే ఏడాదికి దాదాపు 24 కిలోలు పోతాయని ఉత్త భాగహారం చెబుతుంది. ఖర్చు తగ్గుతూ రావడాన్ని కలుపుకుంటే మొత్తంగా పోయేది సుమారు 21 కిలోలు. అందులో సగం పోవడానికే ఏడాది పడుతుంది, దాదాపు మొత్తం పోవడానికి మూడేళ్లు. నెలలో పది కిలోలని గోడల మీద రాసేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

మరీ కడుపు మాడ్చుకుంటే ఏమవుతుందో కూడా చూసిపెట్టారు. 1944, 45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు తిండిని దాదాపు సగానికి తగ్గించి ఇరవై నాలుగు వారాలు ఉంచాడు. బరువులో నాలుగో వంతు పోయింది. దాంతోపాటు ఒంటి వేడి తగ్గింది, హుషారు తగ్గింది, తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కాళ్లకు నీరు దిగింది. ఆ నీరు కరిగిపోయిన కండనూ కొవ్వునూ కాంటా మీద కొంత దాచేసింది కూడా. టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన పద్నాలుగు మంది అమెరికన్లను హాల్ బృందమే ఆరేళ్ల తర్వాత చూస్తే, విశ్రాంతిలో వాళ్ల ఒళ్లు ఖర్చు చేసేది ఉండాల్సిన దానికన్నా రోజుకు అయిదు వందల కేలరీలు తక్కువగా ఉంది. అదంతా కొసకు పోయినవాళ్ల కథ. మెల్లగా ఎనిమిది కిలోలు తగ్గిన గని కార్మికుడికి అంత జరగదు. కానీ తమ్ముణ్ని పన్నెండు వందలకు దిగనివ్వకపోవడానికి నాకది చాలు. అడుగున యంత్రం నడిపేవాడికి కళ్లు తిరగకూడదు.

కాబట్టి పద్దెనిమిది వందలు అలాగే ఉంచాం. చెంచా వెతికి నూనె డబ్బా మూతకు దారంతో కట్టింది మరదలు. చాయ్‌లు రెండయ్యాయి, ఒకటి చక్కెర లేకుండా. గని నుంచి ఇంటికి బండి మానమంటే మానలేదు గానీ, సాయంత్రం క్వార్టర్ల చుట్టూ నడుస్తున్నాడు. మూడు వారాల తర్వాత సగటు మళ్లీ కిందికి దిగడం మొదలైంది, మునుపటికన్నా నెమ్మదిగా. ఇంకా తగ్గాలా, ఇక్కడే నిలబెట్టుకోవాలా అన్నది వాడు, డాక్టరు చూసుకోవాలి. నడుం 90 సెంటీమీటర్లు దాటితే మన దేశపు మగవాళ్లకు, 80 దాటితే ఆడవాళ్లకు ముప్పు ఎక్కువంటారు. వాడికింకా కొంత ఉంది. నన్నడిగితే కొన్నాళ్లు ఉన్నచోటే ఉండటం కూడా తక్కువేం కాదు.

సగటు లెక్కకు లొంగనివీ కొన్నుంటాయి. రెండు మూడు రోజుల్లో బరువు పెరిగి, కాళ్లు నొక్కితే గుంట పడి, పడుకుంటే ఆయాసం వస్తే అది మటన్ ఉప్పు కాదు, గుండో మూత్రపిండాలో. థైరాయిడ్ తగ్గినా, ఇన్సులిన్ లాంటి కొన్ని షుగర్ మందులు వాడినా, స్టెరాయిడ్లు వాడినా బరువు పెరగొచ్చు. ఇక ప్రయత్నమేమీ చేయకుండానే తగ్గుతుంటే సంబరపడొద్దు. క్షయ, అదుపు తప్పిన షుగర్ కూడా అలాగే తగ్గిస్తాయి. వీటికి లాగ్‌బుక్ కాదు, ఆసుపత్రి కావాలి.

తాళ్లు పారే కాలం వచ్చేసరికి తమ్ముడు కొత్త పేచీ తెచ్చాడు. కల్లు పులిస్తే అందులోని చక్కెర పోతుంది కదా, పొద్దుగాలటి కల్లుకు కేలరీలు రాస్తా గానీ మాపటి కల్లుకు రాయనంటాడు. చక్కెర ఎక్కడికీ పోదు, మత్తెక్కించే ఆల్కహాల్‌గా మారుతుంది. చక్కెరకు గ్రాముకు నాలుగు కేలరీలైతే ఆ ఆల్కహాల్‌కు ఏడు. గ్రాము చక్కెర పులిస్తే అర గ్రాము దాకా ఆల్కహాల్ అవుతుంది. కాబట్టి పెద్దగా తగ్గేదేం లేదు. తీయటి తాటినీరాలో నూటికి పది, పన్నెండు గ్రాముల చక్కెర ఉంటుంది, లీటరుకు నాలుగు వందల కేలరీలు అటూఇటూ అని రాసుకోమన్నాను. లీటరంటే ఎన్ని ముంతలో ముందు తేల్చాలట. ఈ ఆదివారం ముంత తెస్తానన్నాడు, ల్యాబులో కొలజాడీతో కొలవమని.